స్ట్రెయిటెనింగ్‌తో పీచైన జుట్టుకు ఏ సీసా పనికొస్తుంది: ఓలాప్లెక్స్, కే18, లోరియల్ మాలిక్యులర్, కొబ్బరినూనె

ముందు తీర్పు, వివరాలు తర్వాత. రీబాండింగో స్మూతెనింగో చేయించాక జుట్టు తడిసినప్పుడు రబ్బరులా సాగి తెగుతుంటే ఓలాప్లెక్స్ నంబర్ 3 మీద డబ్బు పెట్టొచ్చు. రీబాండింగ్ మీద హైలైట్స్ కూడా వేయించి, పైగా వెంట్రుక సన్నదైతే కే18 మేలు. పార్లర్ గడప తొక్కకుండా ఇంట్లో ఐరన్‌తోనే జుట్టు కాల్చుకున్నవాళ్లకు ఈ రెండూ దండగ. వాళ్లకు కొబ్బరినూనె, చిక్కటి కండిషనర్, ఐరన్ మీద వేడి తగ్గించుకోవడం చాలు. లోరియల్ వారి అబ్సొల్యూట్ రిపేర్ మాలిక్యులర్ మధ్యరకం: జుట్టు చేతికి మెత్తగా తగులుతుంది, పొడిబారినంత వరకు బాగా చూసుకుంటుంది, సాగి తెగే జుట్టుకు మాత్రం మా మొదటి ఎంపిక కాదు.

సీసా మీద ‘రిపేర్’ అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, మాడు దాటి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. గాయం మానినట్టు అది మానదు. ఈ సీసాలు చేయగలిగింది ఒక్కటే: కొత్త జుట్టు పెరిగి, పాడైన భాగాన్ని కత్తిరించే రోజు వచ్చేదాకా ఉన్నదాన్ని తెగకుండా కాయడం. నెలకు పెరిగేది సుమారు 1 నుంచి 1.25 సెంటీమీటర్లు. నడుము దాకా జడ ఉన్నవాళ్లు ఎన్నేళ్లు కాయాలో లెక్క వేసుకోండి. అందుకే సీసా ఎంపిక కంటే వాడే వరస, వాడే కొలత ముఖ్యం.

జుట్టు ఎలా పాడైందో తెలియకుండా మందు కొనకూడదు. మన పార్లర్లలో ‘స్ట్రెయిటెనింగ్’ అనే ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు పనులు నడుస్తాయి. రీబాండింగ్, స్మూతెనింగ్ అనేవి చాలా చోట్ల ఒకే రసాయనం: అమోనియం థయోగ్లైకొలేట్ ఉన్న క్షారపు క్రీము. లోరియల్ ఎక్స్‌టెన్సో లాంటివి ఈ కోవకే చెందుతాయి. వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రొటీన్ పోగులను పట్టి ఉంచే గంధకపు బంధాలను ఆ క్రీము తెంచుతుంది. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఐరన్‌తో చదును చేసి, న్యూట్రలైజర్ పూస్తే ఆ బంధాలు తిన్నటి ఆకారంలో మళ్లీ కలుస్తాయి. న్యూట్రలైజర్‌లో ఉండేది సాధారణంగా 2 శాతం దగ్గర్లో హైడ్రోజన్ పెరాక్సైడ్. తెగినవన్నీ కలవవు. కొన్ని విడిగా ఉండిపోతాయి, కొన్ని పెరాక్సైడ్ ధాటికి సిస్టెయిక్ ఆమ్లంగా మారిపోతాయి. అలా మారినవాటిని ఏ సీసా కూడా వెనక్కి తేలేదు. రీబాండింగ్ మీద బ్లీచ్ చేయిస్తే జుట్టు అంత ఘోరంగా పోవడానికి కారణం అదే.

ఇక్కడ తప్పు జరిగే చోట్లు ఎప్పుడూ అవే. ఇంతకుముందే తిన్నగా చేసిన పొడవు మీద మళ్లీ క్రీము లాగడం మొదటిది. జుట్టు మెత్తబడిందో లేదో ఒక వెంట్రుకను లాగి చూడకుండా గడియారాన్నే నమ్మి క్రీము ఉంచేయడం రెండోది. లోపల చెమ్మ ఉండగానే ఐరన్ పెట్టడం, న్యూట్రలైజర్‌ను పైపైన పూసి తొందరగా కడిగేయడం తర్వాతవి. చివరి రెండూ హడావుడి పార్లర్లలో ఎక్కువ. పెళ్లిళ్ల సీజన్లో మరీను.

కెరాటిన్ ట్రీట్‌మెంట్ సంగతి వేరు. దానిలో పైన చెప్పిన థయోగ్లైకొలేట్ (థయో) ఉండదు. ఫార్మాల్డిహైడ్ విడుదల చేసేవో, గ్లైఆక్సిలిక్ ఆమ్లమో పూసి, 200 డిగ్రీలు దాటిన ఐరన్‌తో ఒక్కో పాయను పదేసి సార్లు లాగుతారు. జుట్టు పాడైతే ఎక్కువగా ఆ వేడి వల్లే. ఇంటి ఐరన్ దెబ్బ కూడా ఇదే జాతి: పై పొలుసుల పొర లేచిపోతుంది, చివర్లు చీలతాయి, లోపలి బంధాలు చాలావరకు బాగానే ఉంటాయి. అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి సెలూన్లలో సోడియం హైడ్రాక్సైడ్ రిలాక్సర్ (జుట్టును తిన్నగా చేసే మరో క్షారపు క్రీము) చేయించుకుని ఉంటే ఆ విషయం ఇక్కడి పార్లర్లో తప్పక చెప్పాలి. దాని మీద థయో క్రీము పడితే జుట్టు చేతికే ఊడివస్తుంది.

సీసా కొనేముందు రెండు నిమిషాల పరీక్ష. దువ్వెనలో రాలిన వెంట్రుకలు వద్దు. తల వెనక భాగం నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి తెంపండి. నీళ్లలో ఒక నిమిషం ఉంచి, 10 సెంటీమీటర్ల ముక్కను స్కేలు పక్కన పెట్టి మెల్లగా లాగండి. ఆరోగ్యంగా ఉన్నది 13 సెంటీమీటర్ల దాకా సాగి, వదిలితే తిరిగి ముడుచుకుంటుంది. ఇంకా సాగుతూ పోయి, ముడుచుకోకుండా వేలాడితే లోపలి బంధాలు పోయినట్టు. అసలు సాగకుండా టప్పున తెగితే జుట్టు ఎండిపోయినట్టో, ప్రొటీన్ పూతలు అతిగా పడినట్టో. మొదటిదానికి ఓలాప్లెక్స్, కే18 లాంటి బాండ్ రిపేర్ (బంధాలను కలిపే) సీసాలు, రెండోదానికి నూనె, కండిషనర్. ఈ తేడా చూడకుండా గుడ్డు పూసి, దాని మీద ప్రొటీన్ మాస్కు వేసి, జుట్టు గడ్డిపోచల్లా తయారైందని బాధపడేవాళ్లు బోలెడుమంది. గుడ్డులోని ప్రొటీన్ అణువులు వెంట్రుక లోపలికి దూరలేనంత పెద్దవి కూడాను. అది నీసు వాసన మిగల్చడం తప్ప లోపల చేసేదేమీ లేదు.

ఓలాప్లెక్స్ నంబర్ 3. 2014లో సెలూన్లలోకి వచ్చిన కంపెనీ ఇది. బ్లీచ్ చేసిన జుట్టుతో పేరు తెచ్చుకుంది. అసలు సరుకు బిస్-అమైనోప్రొపైల్ డైగ్లైకాల్ డైమాలియేట్ అనే ఒక్క అణువు. తెగి విడిగా మిగిలిన గంధకపు కొసలను రెండు చేతులతో పట్టుకుని కలుపుతుందని కంపెనీ మాట. ప్రయోగశాల బయట ఎంత మేర కలుపుతుంది, ఎంత మేర మామూలు కండిషనింగ్ అన్నది నిపుణుల మధ్య ఇంకా తేలని వాదన. సాగి తెగే రీబాండింగ్ జుట్టు మీద మాత్రం నాలుగైదు వాడకాల్లో తేడా చేతికి తెలుస్తుంది: తడిగా దువ్వినప్పుడు తెగిపడే ముక్కలు తగ్గుతాయి. మెరుపు రాదు, మెత్తదనం రాదు. ఆ రెండూ ఆశించి కొంటే తిట్టుకుంటారు.

వాడే తీరు ఇదీ. ఇది కండిషనర్ కాదు, తలంటుకు ముందు వేసేది. నూనె, సీరం పేరుకున్న తలైతే ముందు ఒకసారి షాంపూతో కడిగి, నీళ్లు కారకుండా తువ్వాలుతో ఒత్తాలి, రుద్దకూడదు. భుజాల దాకా ఉన్న జుట్టుకు 10 నుంచి 15 మిల్లీలీటర్లు, ఒత్తుగా నడుము దాకా ఉంటే 20 నుంచి 25. చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లి, వెడల్పు పళ్ల దువ్వెనతో ఒకసారి దువ్వాలి. కంపెనీ చెప్పేది కనీసం 10 నిమిషాలు. పాడైన జుట్టుకు అరగంట ఉంచొచ్చు. ఆ అరగంటా తడి ఆరకూడదు, ఎండిపోతే దాని పని ఆగిపోయినట్టే. షవర్ క్యాప్ పెట్టండి. తర్వాత షాంపూ, కండిషనర్. చాలామంది కండిషనర్ ఎగ్గొట్టి, ‘ఓలాప్లెక్స్ వాడాక జుట్టు గరుకైంది’ అంటారు. తప్పు సీసాది కాదు. వారానికి ఒకసారి, బాగా పాడైతే మొదటి నెల వారానికి రెండుసార్లు. 100 మిల్లీలీటర్ల సీసా మన జుట్టు ఒత్తుకు నాలుగు నుంచి ఏడు సార్లు వస్తుందంతే. ఖర్చు లెక్క అక్కడ వేసుకోండి. ఆన్‌లైన్లో అరధరకు దొరికే పాత సరుకు జోలికి వెళ్లకండి. దొంగ సీసాల బెడద ఒకటి, పాత తయారీలో లిలియల్ అనే సువాసన పదార్థం ఉండటం మరొకటి. దాన్ని ఐరోపా సమాఖ్య 2022 మార్చి నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది.

ఇది వాడితే రీబాండింగ్ పోయి రింగులు తిరిగి వస్తాయా అని అడుగుతుంటారు. రావు. తిన్నగా అయిన ఆకారం అలాగే ఉంటుంది.

కే18 లీవ్-ఇన్ మాస్క్. 50 మిల్లీలీటర్ల సీసా, మిల్లీలీటర్ లెక్కన ఈ నాలుగింట్లో ఇదే ఖరీదు. కెరాటిన్‌లోని వరసను పోలిన చిన్న పెప్టైడ్, అంటే ప్రొటీన్ ముక్క, దీని మూలసరుకు. పోగుల మధ్య తెగిన చోట ఇరుక్కుని బలం ఇస్తుందని వాదన. దీని వాడకం మన అలవాటుకు పూర్తిగా ఎదురు: షాంపూ చేశాక కండిషనర్ వేయకూడదు. కండిషనర్ పొర ముందుగా పడితే పెప్టైడ్ లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. తువ్వాలుతో బాగా ఒత్తాలి, నీళ్లు కారుతుంటే మాస్కు పలచబడి కిందికి జారిపోతుంది. ఒక్క నొక్కుతో మొదలుపెట్టి, పొడవును బట్టి రెండు మూడు దాకా వెళ్లొచ్చు. చివర్ల నుంచి పైకి పూసి 4 నిమిషాలు ఆగాలి. కడగకూడదు. మొదటి నాలుగు నుంచి ఆరు తలంట్లకు ప్రతిసారీ వాడి, ఆ తర్వాత మూడు నాలుగు తలంట్లకు ఒకసారి.

దీని లోపం దాని కూర్పులోనే ఉంది. పదార్థాల జాబితాలో నీళ్ల తర్వాత వచ్చేది ఆల్కహాలు. తేలిగ్గా ఉంటుంది, సన్నటి జుట్టును అంటించదు, అది మంచిదే. గరుగ్గా, ముతకగా, సహజంగా రింగులున్న జుట్టుకు మాత్రం ఒక్క కే18 చాలదు; 4 నిమిషాలు ఆగాక రెండు చుక్కల సీరమో, కడగనవసరం లేని క్రీమో చివర్లకు పట్టించాలి. ‘ఇంత ఖరీదు పెట్టి ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుంది’ అని ఐదారు నొక్కులు నొక్కితే జుట్టు బిరుసెక్కుతుంది, జిడ్డుగా కూడా కనిపిస్తుంది. ఓలాప్లెక్స్, కే18 రెండూ ఒకే రోజు వేయడం డబ్బు నీళ్లపాలు చేయడమే.

లోరియల్ అబ్సొల్యూట్ రిపేర్ మాలిక్యులర్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. సల్ఫేట్ లేని షాంపూ, 100 మిల్లీలీటర్ల లీవ్-ఇన్ మాస్క్ అసలు జత. ముందు వేసే కాన్సంట్రేట్ సెలూన్ అమ్మేవాళ్లు అంటగట్టేది. మాస్క్ ఒక్కటి కొన్నా నష్టం లేదు. చెంచాడు కంటే తక్కువ, తడి జుట్టుకు, చివర్లకే. కెరాటిన్ చేయించి చివర్లు పొడిబారిన వాళ్లకు ఇది హాయి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు సూపర్‌మార్కెట్లో దొరికే లోరియల్ ఎల్వివ్ బాండ్ రిపేర్ ప్రీ-షాంపూ కూడా చూడదగ్గదే. అది సిట్రిక్ ఆమ్లం మీద నడుస్తుంది. క్షారపు క్రీము ఉబ్బించిన జుట్టును ఆమ్లం మళ్లీ బిగిస్తుంది. తడి జుట్టుకు 5 నిమిషాలు, ధర కూడా చేతికందేదే. నిమ్మకాయ పిండుకుంటే ఇదే కదా అనొద్దు. నిమ్మరసం ఘాటు మరీ ఎక్కువ, మాడు మండుతుంది.

కొబ్బరినూనెకు వద్దాం. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె, కొబ్బరినూనెలను పోల్చి చూస్తే, తలంటేటప్పుడు వెంట్రుక నుంచి ప్రొటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. దానిలోని లారిక్ ఆమ్లం చిన్నది, నిటారుగా ఉండేది, కాబట్టి వెంట్రుక లోపలికి చొరబడుతుంది. ఆ పరిశోధన చేసింది పారాషూట్ అమ్మే మారికో కంపెనీ వాళ్లేనన్న సంగతి కూడా చెప్పాలి. అయినా ఫలితం నమ్మదగ్గదే. రీబాండింగ్ జుట్టు నీళ్లు అతిగా పీల్చి ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. తలంటిన ప్రతిసారీ ఈ ఉబ్బు-ముడుతలకే పొలుసులు లేస్తాయి. లోపల నూనె ఉంటే నీళ్లకు అంత చోటు దొరకదు.

అందుకే నూనె తలంటుకు ముందు, పొడి జుట్టుకు, మాడు వదిలేసి పొడవుకు. రెండు మూడు చెంచాలు, కనీసం రెండు గంటలు. రాత్రి పెట్టి పొద్దున్నే తలంటుకున్నా సరే. తలంటాక పెట్టే నూనె మెరుపుకు తప్ప ఈ పనికి రాదు. నూనె ఉన్న జుట్టు మీద ఐరన్ పెట్టడం మాత్రం వేయించడమే. ఒక చిక్కు ఉంది: నూనె పెట్టిన రోజు ఓలాప్లెక్స్ వేయొద్దు, అది నూనెను దాటి వెళ్లలేదు. ఒక తలంటు నూనెతో, మరో తలంటు ఓలాప్లెక్స్‌తో నడపండి. కుంకుడుకాయలతో తలంటే అలవాటుంటే కనీసం ఆరు నెలలు మానుకోవడం మంచిది. నురుగు తక్కువైనా జిడ్డును మొత్తం ఊడ్చేస్తుంది, పీచు జుట్టు చిక్కుపడి తెగుతుంది. మరీ కావాలంటే తర్వాత కండిషనర్ తప్పనిసరి.

హైదరాబాద్‌లో బోరు నీళ్ల మీద బతికే అపార్ట్‌మెంట్లలో ఇంకో సమస్య. ఎన్ని సీసాలు మార్చినా జుట్టు తెల్లటి పొడి అంటినట్టు గరుగ్గానే ఉంటే అది సున్నం. క్షారంతో పాడైన జుట్టు క్యాల్షియంను మరింత పట్టుకుంటుంది. షవర్‌కు తగిలించే వడపోతలు ఇసుకను, క్లోరిన్‌ను ఆపుతాయేమోగానీ నీళ్లలోని సున్నాన్ని పెద్దగా తగ్గించవు. నెలకు ఒకటి రెండుసార్లు సున్నాన్ని పట్టి తీసేసే ఈడీటీఏ ఉన్న క్లారిఫయింగ్ షాంపూ (పేరుకున్నదాన్ని కడిగేసేది), లేదా చివరగా రెండు మగ్గుల మునిసిపల్ నీళ్లతోనో ఆర్వో నీళ్లతోనో కడగడం చవకైన దారి. ఈ క్లారిఫయింగ్ షాంపూ కెరాటిన్ చేయించినవాళ్లకు మాత్రం వద్దు, పూత త్వరగా పోతుంది.

లివాన్, స్ట్రీక్స్ లాంటి సీరంలను ‘అంతా సిలికాన్’ అని ఈసడించేవాళ్లున్నారు. చిట్లిన చివర్లకు ఆ సిలికానే రక్ష. రాపిడి తగ్గిస్తుంది, చిక్కు పడనివ్వదు. నాలుగైదు చుక్కలు, తడి ఆరీ ఆరని జుట్టుకు, చివర్లకు. చీలిన చివరను అతికిస్తానన్న ప్రకటనలు మాత్రం తదుపరి తలంటుదాకా నిజం. చీలిక పైకి పాకకుండా ఎనిమిది పది వారాలకోసారి ఒక సెంటీమీటరు తీయించుకోవాల్సిందే.

ఐరన్ మానలేనివాళ్లకు కొలతలు: పాడైన జుట్టుకు 150 డిగ్రీలు, మహా అయితే 160. ఒక పాయకు ఒక్కసారే. హీట్ ప్రొటెక్టెంట్ చల్లాక పూర్తిగా ఆరాకే ఐరన్. సుయ్‌మని చప్పుడు, ఆవిరి వచ్చాయంటే లోపలి నీరు మరిగి వెంట్రుకలో బుడగలు లేస్తున్నట్టు. ఆ బుడగ ఉన్న చోటే తర్వాత వెంట్రుక విరుగుతుంది, దాన్ని పూడ్చే మందు లేదు. అంకెలు లేని, ఆన్-ఆఫ్ మాత్రమే ఉన్న చవక ఐరన్ ఉంటే పక్కన పడేయండి.

పార్లర్‌కు వెళ్లి ‘జుట్టు పాడైంది, రిపేర్ చేయండి’ అంటే చూపించే హెయిర్ బొటాక్స్, నానోప్లాస్టియాలతో జాగ్రత్త. చాలావరకు ఇవి రిపేర్లు కావు, పేరు మార్చుకున్న మరో స్ట్రెయిటెనింగ్‌లు. పూసి, కాగే ఐరన్‌తో లాగుతారంటే ఆ వేడి దెబ్బ మళ్లీ మొదలు. వీటిలో ఎక్కువగా కనిపించే గ్లైఆక్సిలిక్ ఆమ్లం గురించి 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక కేసు వచ్చింది: సెలూన్లో స్ట్రెయిటెనింగ్ చేయించిన ప్రతిసారీ, మూడుసార్లు, ఒక యువతి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు దీని దరిదాపులకు పోవద్దు. ‘ఫార్మాల్డిహైడ్ లేదు’ అన్న లేబుల్‌నూ కళ్లు మూసుకుని నమ్మొద్దు. అలా రాసి అమ్మిన బ్రెజిలియన్ బ్లోఅవుట్ అనే కెరాటిన్ ట్రీట్‌మెంట్‌లో ఫార్మాల్డిహైడ్ ఉందని 2010లో అమెరికాలోని ఒరెగాన్ అధికారులు తేల్చారు. ఐరన్ పెట్టేటప్పుడు కళ్లు మండి, ముక్కు ఘాటెక్కితే లేచి బయటికి వచ్చేయండి, డబ్బు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

రాలిన వెంట్రుకను చూడటం కూడా నేర్చుకోవాలి. ఒక కొసన చిన్న తెల్లటి గుండు ఉంటే అది కుదురు నుంచి ఊడింది. రెండు కొసలూ సన్నగా చీలి ఉంటే మధ్యలో తెగింది. పై సీసాలన్నీ రెండోదానికే. మొదటిది రోజుకు కుప్పలుగా ఉన్నా, మాడు మీద పుండ్లో పొక్కులో ఉన్నా చర్మవైద్యుల దగ్గరికే వెళ్లాలి. ఏ మాస్కూ దానికి జవాబు కాదు.

పై పరీక్షలో వెంట్రుక సాగి ముడుచుకోవడం మొదలయ్యేదాకా రెండో స్ట్రెయిటెనింగ్ ఊసెత్తొద్దు. ఆ తర్వాత చేయించినా కొత్తగా మొలిచిన భాగానికే. అంటే కనీసం ఆరు నెలలు ఆగితే ఆరేడు సెంటీమీటర్లు దొరుకుతాయి. క్రీము వేసేముందు పాత పొడవు మొత్తానికి చిక్కటి కండిషనర్ పూసి, ప్లాస్టిక్‌తో చుట్టమని చెప్పండి. అలా చుట్టడానికి విసుక్కునే పార్లరైతే అక్కడ చేయించకండి.